లూప్ వచ్చింది, కానీ అది ఉప్పుది

మహబూబ్‌నగర్ దగ్గర మా ల్యాబ్ చిన్నది. రాగి పరమాణువు నడుమ కూర్చున్న కైరల్ (అద్దంలోని ప్రతిబింబంతో సరిగ్గా కలవని ఆకారం) సమ్మేళనం చేశా, కంచాలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి నిలబడి స్తంభాలయ్యే ద్రవ స్ఫటిక రకం (కంచం ఆకారపు అణువుల్లో ఇట్లాంటి స్తంభాల అమరికను 1977లో మొదట చూపింది బెంగళూరులో చంద్రశేఖర్ బృందమే). 5 మైక్రాన్ల గాజు సెల్‌లో నింపి వోల్టేజ్ అటూ ఇటూ మారుస్తూ ఇస్తే స్క్రీన్ మీద నిండుగా లూప్ (వోల్టేజ్‌తో పాటు ఛార్జ్ ఎట్లా మారిందో చూపే మూసిన వంపు)! ఫెర్రోఎలక్ట్రిక్ (తనంతట తానే ధ్రువణం, అంటే ఒక కొస ప్లస్, ఒక కొస మైనస్ ఉండి, వోల్టేజ్‌తో అది తిరగబడే పదార్థం) దొరికిందని రాత్రికి రాత్రే సార్‌కు ఫోన్ కొట్టేశా. అనవసరంగా.

పొద్దున చూస్తే లూప్ కొనలు అరటికాయలా గుండ్రంగా ఉన్నాయి. ఫ్రీక్వెన్సీ పెంచుతుంటే చిక్కిపోయింది. రెండూ కరెంట్ లీకవుతోందనే అనుమానం తెచ్చేవే. అయినా ఇవి చిక్కటి పదార్థాలు, ధ్రువణం తిరగడానికే టైం పడుతుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నిబట్టే తేల్చలేం. హాట్ స్టేజ్ (సాంపిల్‌ను వేడిచేసే పీఠం) వేడి పెంచి, సాంపిల్ పూర్తిగా ద్రవమై పోలరైజింగ్ మైక్రోస్కోప్ కింద అంతా నల్లబడ్డాక (అమరిక పోయిందని గుర్తు) మళ్ళీ కొలిచా. లూప్ ఇంకా అట్లనే ఉంది! అమరికే లేని ద్రవంలో ధ్రువణం ఎక్కడిది? అటూ ఇటూ కదులుతున్నవి అయాన్లు, అంటే ఉప్పులోని ఛార్జ్ ఉన్న కణాలు.

రాగి కలపడానికి వాడిన అసిటేట్ ఉప్పు మిగిలిపోయింది, నేనేమో ఒక్కసారే కడిగి వదిలేశా. క్లోరోఫాంలో కరిగించి నీళ్ళతో నాలుగుసార్లు కడిగా, రెండుసార్లు స్ఫటికీకరించి రాత్రంతా వాక్యూమ్‌లో ఆరబెట్టా. వానాకాలం తేమ వేరే తలనొప్పి, అందుకే సెల్‌ను కూడా ఓవెన్‌లో ఉంచి వేడిగానే నింపా.

ఈసారి లూప్ చాలా చిన్నది. ట్రయాంగిల్ వేవ్ (త్రికోణంలా ఎక్కి దిగే వోల్టేజ్) మీద అర చక్రానికి ఒక్క చిన్న కరెంట్ శిఖరం, ద్రవం కాగానే మాయం. ఇది ధ్రువణం తిరగబడడం అయ్యుండొచ్చు. సార్ ఇంకోసారి చేసి చూపించమన్నారు.