గుట్టల మధ్య మెష్: కాల్ ఏ హాప్‌లో తెగుతోందో పట్టుకోవడం

అనంతపురం పల్లెల్లో గుట్ట మీదొకటి, చెరువు కట్ట దగ్గరొకటి, బడి మిద్దె మీదొకటి నోడ్లు (వైర్‌లెస్ రేడియో పెట్టెలు) పెట్టి, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఒక్కో గెంతు (హాప్)గా మాటను దాటించే మెష్ వేస్తే ఫోన్ మోగుతుంది గానీ మాట ముక్కలుగా వస్తుంది. వెంటనే అందరూ స్పీడ్ టెస్ట్ పెడతారు. దానివల్ల ఏమీ తేలదు. జీ.711 (మాటను అంకెలుగా మార్చే పద్ధతి, అంటే కోడెక్) కాల్‌కు ఐపీ హెడర్లతో (చిరునామా వివరాలతో) కలిపి ఒక్కో వైపు సెకనుకు 80 కిలోబిట్లే చాలు. వెతకాల్సింది ప్యాకెట్ (మాటను కోసి పంపే చిన్న ముక్క) ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ పోతోందో.

20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్, అంటే సెకనుకు 50, నిమిషానికి 3,000. అందులో 1 శాతం 30 ప్యాకెట్లు. అవి చెదురుమదురుగా పోతే చెవికి తెలీదు. వరుసగా పోతే 600 మిల్లీసెకన్ల మాట మాయం: "మోటారు వేయొద్దు"లో చివరి "ఒద్దు" ఎగిరిపోతుంది. అందుకే శాతం ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. పోవడం 1 శాతం, జిట్టర్ (ప్యాకెట్లు వచ్చే వేళల్లో హెచ్చుతగ్గులు) 30 మిల్లీసెకన్లు, ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా చూసుకోండి.

ముందు కాల్ నడుస్తుండగానే, కాల్స్ కలిపే సర్వర్ ప్రోగ్రామ్ ఆస్టరిస్క్‌లో 'పీజేసిప్ షో ఛానల్‌స్టాట్స్' (pjsip show channelstats) కొట్టండి. ఏ వైపు మాట పోతోందో అక్కడే తెలుస్తుంది. ఆర్టీసీపీ (కాల్ నాణ్యత లెక్కల నివేదిక) పంపని ఫోన్లకు అవతలి వైపు అంకెలు సున్నాగానే ఉంటాయి, వాటిని నమ్మొద్దు.

తర్వాత సర్వర్ నుంచి మొదటి నోడుకు, రెండోదానికి, మూడోదానికి విడివిడిగా పింగ్ (వెళ్లి తిరిగొచ్చే పరీక్ష ప్యాకెట్లు) పెట్టండి. సైజు 172 బైట్లు, వ్యవధి 0.02 సెకన్లు, టాస్ (ప్యాకెట్ ప్రాధాన్యం తెలిపే గుర్తు) విలువ 184, లెక్క 15,000. ఇది అయిదు నిమిషాల కాల్‌కు సరిసమానం. రూట్ (అడ్మిన్) హక్కులతోనే నడపండి. ఏ నోడు దగ్గర అంకెలు ఎగబాకాయో, దానికి ముందున్న లింకే దొంగ.

ఇంకా తేలకపోతే రెండు చివర్లా బ్రిడ్జ్ (నోడులో పోర్టులను కలిపే ఇంటర్‌ఫేస్) మీద టీసీపీడంప్ (ప్యాకెట్లను పట్టి దాచే ప్రోగ్రామ్) పెట్టండి, స్నాప్‌లెన్ (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే బైట్లు) 54. ఈథర్‌నెట్ 14, ఐపీ 20, యూడీపీ 8, ఆర్టీపీ (మాటను మోసే ప్రోటోకాల్) 12: హెడర్లు మాత్రమే వస్తాయి, మాట రాదు. మరమ్మతుకు ఊరివాళ్ల మాటలు వినాల్సిన పనే లేదు, వినకూడదు కూడా. వీల్యాన్ ట్యాగ్ (నెట్‌వర్క్‌ను విడగొట్టే 4 బైట్ల గుర్తు) ఉంటే 58 పెట్టండి. పట్టిన ప్యాకెట్లను చదివే వైర్‌షార్క్‌లో కాల్ పోర్టును ఆర్టీపీగా డీకోడ్ చేసి, సీక్వెన్స్ నంబర్లలో వరుస ఖాళీలు చూడండి.

ఖాళీలు పడిన వేళకే బ్యాట్‌మ్యాన్ 4 (మెష్‌లో దారి ఎంచే ప్రోటోకాల్) పట్టికలో టీక్యూ (లింక్ నాణ్యత, గరిష్ఠం 255) ఊగుతూ దారి మారుతుంటే, పోల్‌కు కట్టిన తీగలు చూడండి. ఆషాఢం గాలికి డిష్ రవ్వంత తిరిగినా చాలు. వాన తర్వాత చింతచెట్టు చిగురేసి 5 గిగాహెర్ట్జ్‌ను అడ్డుకోవడమూ మామూలే. దారి మారకుండానే జిట్టర్ పెరిగితే ఛానల్ ఇరుకయింది. ఒకే రేడియోతో మూడు హాప్‌లంటే ఒక్క కాల్‌కే (రెండు వైపులా 50 చొప్పున, మూడుసార్లు) సెకనుకు 300 ప్రసారాలు. ఇక్కడ మాటను ఇంకా నొక్కే జీ.729 కోడెక్‌కు మారితే బిట్లు తగ్గుతాయి గానీ ప్యాకెట్ల సంఖ్య తగ్గదు. ప్యాకెట్ వ్యవధిని 40 మిల్లీసెకన్లు చేస్తే సగమవుతుంది, బదులుగా ఆలస్యం 20 పెరుగుతుంది. రెండో రేడియో పెట్టగలిగితే అదే అసలు మందు.

పాత ఫర్మ్‌వేర్‌లో డీఎస్‌సీపీ 46 (టాస్ 184కే ఇంకో రూపం) వాయిస్ క్యూకు కాక వీడియో క్యూకు పోతుంది, క్యూ మ్యాప్ సరిచేయండి. ఏది మార్చినా, అందరూ ఫోన్ పట్టే సాయంత్రం వేళే అదే 15,000 పింగ్‌లు మళ్లీ పెట్టండి.