కారు ఆపినా ఫ్యాన్ తిరుగుతోందా? రోహిణి కార్తెకు ముందే తెలుసుకోవలసిన జాగ్రత్తలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా బంధువు ఒకాయన పాలకొల్లు నుంచి రాజోలు వస్తూ, చించినాడ వంతెన దాటాక కారు పక్కకు ఆపారు. తాళం తీసేసినా ముందున్న ఫ్యాన్ హోరుమని తిరుగుతూనే ఉండడంతో, రేడియేటర్‌లో నీళ్లు అయిపోయాయేమోనని కంగారుపడి, బానెట్ ఎత్తి, చేతికి తువ్వాలు చుట్టుకుని మూత తిప్పారు. మరుగుతున్న నీరు ముఖం మీదికీ ఛాతీ మీదికీ ఎగజిమ్మింది. కన్ను దక్కిందని వైద్యులు చెప్పేవరకు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ఇదే తప్పును నేను ఇంతకుముందు రెండుసార్లు చూశాను. అందుకే రాస్తున్నాను.

ఇంజిన్ నడుస్తున్నంతసేపు పంపు కూలెంట్‌ను, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని, ఇంజిన్‌కూ రేడియేటర్‌కూ మధ్య తిప్పుతూ ఉంటుంది. చాలా కార్లలో ఆ పంపు ఇంజిన్ బలంతోనే తిరుగుతుంది కాబట్టి ఇంజిన్ ఆగగానే అదీ ఆగిపోతుంది. కాగిన లోహంలోని వేడి మాత్రం ఆగదు. కదలిక లేని కూలెంట్‌లోకి దిగుతుంది. అందువల్ల కారు ఆపిన తరువాత మొదటి కొన్ని నిమిషాలలో లోపలి ఉష్ణోగ్రత తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. దాన్ని గమనించిన సెన్సర్ ఫ్యాన్‌ను బ్యాటరీ మీద నడిపిస్తుంది. ఎండలో ఏసీ వేసుకుని దూరం వచ్చిన కారు ఆగాక ఐదు పది నిమిషాలు ఫ్యాన్ తిరిగితే అది లోపం కాదు. దాన్ని ఆపాలని బ్యాటరీ తీగ పీకకండి.

ఇక ఆ తప్పు సంగతి. వేడెక్కి, మూసి ఉన్న రేడియేటర్‌లో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి దాదాపు రెట్టింపు, అంటే సుమారు ఒక బార్ ఎక్కువగా ఉంటుంది. ఆ ఒత్తిడి వల్లనే లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా, 120 దాకా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పడిపోయి, అప్పటిదాకా అణిగి ఉన్న నీటిలో కొంత ఒక్కసారిగా ఆవిరై, మిగతా మరుగునీటిని పైకి తన్నుతుంది. తువ్వాలు దాన్ని ఆపలేదు. ఫ్యాన్ తిరుగుతోందంటే లోపల వేడి ఉన్నట్టే. ఫ్యాన్ ఆగినా వేడి పోయిందని నమ్మకండి. వేడి మీద మూత తీయకండి.

మన ప్రాంతంలో ఇంకొక చిక్కు ఉంది. దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం పొట్టు, గడ్డి, కోనసీమలోనైతే కొబ్బరి పీచు ధూళి, ఏసీ కండెన్సర్‌కూ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) దాని వెనకున్న రేడియేటర్‌కూ మధ్య చేరి గాలి దారిని మూసేస్తాయి. బయటికి శుభ్రంగా కనిపించే కారులోనూ ఆ సందులో దళసరిగా పేరుకుని ఉండవచ్చు. రోహిణి కార్తె రాకముందే మెకానిక్ చేత చల్లని ఇంజిన్ మీద తక్కువ ఒత్తిడి నీటితో శుభ్రం చేయించండి. ఎక్కువ ఒత్తిడితో కొడితే రేడియేటర్ రేకులు వంగిపోతాయి.

ప్రతిసారీ పావుగంట దాటి ఫ్యాన్ తిరిగినా, తెల్లవారి ఏసీ వేయకుండానే చల్లని ఇంజిన్‌తో కూడా తిరిగినా, రిలే (ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చే స్విచ్చు) అతుక్కుపోయిందేమో, సెన్సర్ పోయిందేమో చూపించండి. అలా వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది.

ఇంజిన్ ఆగింది కదా అని ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టకండి. ఆగి ఉన్న ఫ్యాన్ దానంతట అదే తిరగవచ్చు. చీర కొంగు, కండువా, వదులు చొక్కా చేతులు బానెట్ దగ్గరికి రానివ్వకండి. రేడియేటర్‌లో కాలువ నీరు పోయకండి. ఉప్పునీటి చెరువు నీరు అసలే పోయకండి. అందులోని ఉప్పు లోపలి లోహాన్ని తినేస్తుంది. కాగిన ఇంజిన్‌లో చన్నీళ్లు పోయకండి, హెడ్ (ఇంజిన్ పైభాగం) పగలవచ్చు. వేడి సూచిక ఎరుపులోకి వెళ్తే ఊరు దగ్గర పడిందని నడపకండి, అక్కడే ఆపండి. కారిన కూలెంట్‌ను కడిగేయండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చనిపోవచ్చు. కనీసం గంట ఆగి, రేడియేటర్ పై గొట్టం చేతికి చల్లగా తగిలాకనే, మూతను కొద్దికొద్దిగా తిప్పండి. బుస్సుమన్న శబ్దం వస్తే వెంటనే బిగించి మళ్లీ ఆగండి. తొందరగా వెళ్లాలన్నా తీయకండి. పక్కవాడు ధైర్యం చెప్పినా తీయకండి. వేడి మీద మూత తీయకండి.

ఒకవేళ కాలితే సిరా, పేస్టు, పసుపు పూయకండి. 20 నిమిషాలపాటు చల్లని మంచినీరు ధారగా పోస్తూ ఉండండి, కంట్లో పడితే కన్ను తెరిచి పోయండి, ఆ మధ్యలోనే 108కి ఫోన్ చేయించండి.