క్యారవాన్‌లో నీళ్ల ట్యాంకులు, టాయిలెట్ ట్యాంకు ఎలా చూసుకోవాలి?

సంక్రాంతికో వేసవి సెలవులకో క్యారవాన్ తీసుకుని పిల్లాపాపలతో కోనసీమ తిరగడం మంచి ఆలోచన. కానీ కొందరు చీకటి పడ్డాక కాలువ గట్టు మీద బండి ఆపి, టాయిలెట్ ట్యాంకు వాల్వ్ తిప్పేసి వెళ్లిపోతున్నారు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు పొలాలు తడపడంతో ఆగవు. ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నిండేది కూడా వాటితోనే. మీరు వదిలింది దిగువన ఎవరి బిందెలోకి వెళుతుందో ఆలోచించండి.

బండిలో మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్లది, రెండోది సింకు, స్నానాల నీళ్లది, మూడోది టాయిలెట్‌ది. మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లోవ్స్, రెండు బకెట్లు, మంచినీళ్లకు ఒక పైపు, మురుగుకు వేరే పైపు, ఆ పైపు మొదట్లో బిగించే పారదర్శకమైన ఎల్బో (వంపు గొట్టం ముక్క) ఉంటే చాలు. రెండు పైపులూ ఒకే రంగులో కొనకండి, ఒకే అరలో పెట్టకండి.

మంచినీళ్లు రాజమండ్రిలోనో రావులపాలెంలోనో నింపుకోండి. అంతర్వేది, ఓడలరేవు వైపు వెళ్లాక బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, గీజర్ కాయిల్‌కు ఉప్పు పెచ్చు కడుతుంది. ట్యాంకు కడగడానికి నూరు లీటర్లకు నూరు మిల్లీలీటర్ల చొప్పున, 5 శాతం ఉండే సోడియం హైపోక్లోరైట్ కలిపి, అన్ని కుళాయిల్లోనూ ఆ వాసన వచ్చేదాకా తిప్పి, రాత్రంతా ఉంచండి. పొద్దున్నే వదిలేసి రెండుసార్లు మంచినీళ్లతో కడిగితే సరిపోతుంది. కుళాయిలన్నీ కట్టేసినా పంపు మధ్యమధ్యలో మోగుతుంటే ఎక్కడో కారుతోందని అర్థం. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు పంపు స్విచ్ వేసి ఉంచకండి.

సింకు ట్యాంకు గురించి ఒకే మాట. చేపలు, రొయ్యలు బండిలో కడగకండి. ఆ నీళ్లు ఒక్క పూట నిలవుంటే బండిలో కూర్చోలేరు. గంజి కూడా సింకులో పోయకూడదు.

ఇక టాయిలెట్ ట్యాంకు. విదేశీ వీడియోలు చూసి దిగేవాళ్లు పేపర్ కరగడం గురించి టెన్షన్ పడుతుంటారు. మన సమస్య అది కాదు. మనం నీళ్లతో కడుక్కుంటాం, జెట్ స్ప్రే ఉంటే ఇంకా ధారాళంగా వాడతాం. అందుకే నలుగురున్న బండిలో చిన్న ట్యాంకు రెండు రోజుల్లోనే నిండిపోతుంది. అప్పుడు మొదలవుతాయి అడ్డదారులు. జెట్ స్ప్రే తీసేసి మగ్గు పెట్టండి, సగం సమస్య తీరుతుంది. చేత్తో ఎత్తుకెళ్లి పారబోసే క్యాసెట్ టాయిలెట్ కుటుంబానికి పనికిరాదు. రోజుకొకసారి దాన్ని మోసుకుంటూ చోటు వెతుక్కోవాలి. కింద బిగించిన ట్యాంకే తీసుకోండి.

ఎక్కడ ఖాళీ చేయాలన్నదే అసలు చిక్కు. కాలువ కాదు సరే, మురుగు డ్రెయిన్ పర్వాలేదు కదా అంటారు. పర్వాలేదని ఎవరు చెప్పారు? సముద్రానికి దగ్గర్లో పోటు వచ్చినప్పుడు డ్రెయిన్ నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి. వాటిని చేపల చెరువులకు, రొయ్యల చెరువులకు తోడుకునేవాళ్లున్నారు. కొబ్బరితోటలో గొయ్యి తవ్వి పూడ్చేస్తామనేవాళ్లు ఇంకొందరు. డెల్టాలో కొద్ది అడుగుల్లోనే నీళ్లు పడతాయి. ఆ తోట పక్కనే ఎవరిదో చేతిపంపు ఉంటుంది. గొయ్యి మాట మర్చిపోండి.

పెద్ద లాడ్జి, కల్యాణ మండపం లాంటి చోట సెప్టిక్ ట్యాంకు యజమానిని ముందే అడిగి, డబ్బులిచ్చి పని చేసుకోవాలి. లేదంటే సెప్టిక్ ట్యాంకు క్లీనింగ్ లారీవాళ్లకు ఫోన్ చేసి నేరుగా మీ ట్యాంకు నుంచే తోడించుకోండి. నేను లారీవైపే మొగ్గుతాను. కాకపోతే ఎక్కడ పారబోస్తారని అడగండి. మున్సిపాలిటీ శుద్ధి కేంద్రం పేరు చెబితే మంచిది. నసిగితే వేరే లారీ చూసుకోండి.

సెప్టిక్ ట్యాంకులో పోయాలనుకుంటే వానాకాలంలో మరింత జాగ్రత్త. భూమిలో నీటిమట్టం పైకొచ్చి ఇంకుడు గుంత ఇంకదు, ట్యాంకు అంచుదాకా నిండి ఉంటుంది. మీరు పోసింది వాళ్ల బాత్రూంలో పైకి తేలుతుంది. మూత తీయించి మట్టం చూశాకే పైపు తీయండి. మూత దగ్గర తల వంచకండి, సిగరెట్టు, అగ్గిపుల్ల దగ్గరికి రానీయకండి. లోపల మీథేన్ ఉంటుంది, మనిషిని పడేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. ఏది జారి పడినా సరే, ఎవర్నీ లోపలికి దింపకండి. అలా దిగి చనిపోయినవాళ్ల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. మనుషుల్ని దింపి పాకీపని చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

ఖాళీ చేసే ముందు మీ టాయిలెట్ ట్యాంకు కనీసం మూడింట రెండొంతులు నిండాలి. తక్కువుంటే నీళ్లు పోసి నింపండి. కొంచెం ఉన్నప్పుడు వాల్వ్ తెరిస్తే నీళ్లు పోయి గట్టిది అడుగునే ఉండిపోతుంది. వాల్వ్ ఎప్పుడూ తెరిచి ఉంచితే జరిగేదీ అదే, అడుగున రాయిలా గట్టిపడుతుంది. రాత్రంతా నిలబెట్టిన బండి కంటే అప్పుడే ప్రయాణం చేసి వచ్చిన బండి తేలిగ్గా ఖాళీ అవుతుంది, కుదుపులకు లోపలంతా కలిసిపోయి ఉంటుంది కాబట్టి.

బండిని వాల్వ్ ఉన్న వైపు కాస్త పల్లంగా ఉండేలా ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టండి. టాయిలెట్ ట్యాంకుది, సింకు ట్యాంకుది రెండు వాల్వులూ ఒకే బయటి గొట్టంలోకి తెరుచుకుంటాయి, అవి మూసే ఉన్నాయో లేదో చేత్తో తోసి చూడండి. బయటి మూత కింద బకెట్ పెట్టి అప్పుడు మూత తిప్పండి. నాలుగు చుక్కలు పడితే సరే. ధార కడితే వెంటనే మూసేయండి, వాల్వ్ సీలు పోయింది, ఆ రోజుకు లారీని పిలవడమే మార్గం. ఆ మూత చోట మురుగు పైపు బిగించేటప్పుడు దాని కొక్కేలు రెండూ టక్కుమని పట్టాలి. ఒక్కటి పట్టినా చాలనుకుంటారు, బరువు పడగానే ఊడేది అక్కడే. రెండో కొసను సెప్టిక్ ట్యాంకులోకి మూరెడు లోతుకు దింపి పైన రాయి పెట్టండి, లేకపోతే మొదటి తోపుకే పైపు ఎగిరి బయటపడుతుంది.

ముందు టాయిలెట్ వాల్వ్. భయపడి కొంచెం కొంచెం తెరవకండి, ఒక్కసారిగా పూర్తిగా లాగండి. ఆ వేగమే అడుగున ఉన్నదాన్ని తోసుకొస్తుంది. ధార ఆగాక మూసి, కమోడ్‌లోంచి రెండు బకెట్లు పోసి మళ్లీ తెరవండి. ఎల్బోలో నీళ్లు తేటగా కనిపించేదాకా ఇలాగే చేయాలి. టాయిలెట్ వాల్వ్ మూశాకే సింకు ట్యాంకు వాల్వ్ తెరవాలి. సబ్బునీళ్లతో పైపు దానంతటదే కడుక్కుంటుంది. తారుమారు చేస్తే పైపు నిండా మలంతో మిగిలిపోతారు. రెండూ ఒకేసారి తెరిస్తే అది సింకు ట్యాంకులోకి ఎక్కుతుంది. చివరికి పైపును బండి వైపు నుంచి ఎత్తుకుంటూ వెళ్లి లోపలిదంతా జార్చేయండి.

నేల మీద చింది ఉంటే బ్లీచింగ్ చల్లి కడగండి. అదే చోట యాసిడ్ పోయకండి, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

ఖాళీ చేసిన ట్యాంకును ఎండబెట్టకూడదు. రెండు బకెట్ల నీళ్లు, సెప్టిక్ ట్యాంకులకు అమ్మే బ్యాక్టీరియా పొడి వేసి ఉంచండి. ఫినాయిలు, యాసిడ్, ఫార్మాల్డిహైడ్ ఉన్న నీలం ద్రావకం వద్దు. అవి వాసనను కప్పేస్తాయి కానీ, మీరు పోసే సెప్టిక్ ట్యాంకులో పనిచేసే సూక్ష్మజీవులను చంపేస్తాయి. చోటిచ్చినవాళ్లకు అలాంటి నష్టం చేయకూడదు. ట్యాంకులో మట్టం చూపించే సెన్సార్‌ను కూడా నమ్మకండి, దానికి ఏదో ఒకటి అంటుకుని ఎప్పుడూ నిండినట్టే చూపిస్తుంది. టార్చి వేసి కమోడ్‌లోంచి చూడండి.

నెలకోసారి వాల్వ్ కడ్డీకి, సీలుకు సిలికోన్ గ్రీజు రాయండి. ఇంజన్ ఆయిల్ రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది.