30 కౌంట్ అంటే ఎన్ని రొయ్యలు?

భీమవరంలో ఇంజినీరింగ్ పూర్తయి ఉద్యోగాల వేటలో ఉన్న పిల్లలకు వెబ్ సర్వీసులు రాయడం నేర్పుతుంటాను. ఒకరు జావాలో, ఇంకొకరు పైథాన్‌లో రాసిన ప్రోగ్రాములు తేడా రాకుండా మాట్లాడుకోవాలి. మొదట్లో నేనూ రెండు రోజులపాటు బోర్డు మీద హెచ్‌టీటీపీ, జేసన్ అంటూ (మొదటిది వెబ్‌లో అడిగి జవాబు తెచ్చుకునే పద్ధతి, రెండోది వివరాలు పేర్చి రాసే పద్ధతి) వాయించేదాన్ని. అందరూ తలలూపేవాళ్లు. మూడో రోజు కంప్యూటర్ ముందు కూర్చోబెడితే, ఎవరి సర్వీసుని వాళ్లే పిలుచుకుని "ఆయ్, వచ్చేసిందండీ" అనేవాళ్లు. తను రాసింది తనకి అర్థమవడంలో గొప్పేముంది?

ఇప్పుడు పద్ధతి తిరగేశాను. మీరూ నేర్పేవాళ్లయితే ఇలా చేసి చూడండి.

పిల్లల్ని రెండు జట్లు చేయండి. ఒకటి రొయ్యల రైతు వైపు, రెండోది ఆ రొయ్యలు కొనే ప్లాంటు వైపు. రైతు సర్వీసు పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) వివరాలు పంపాలి, ప్లాంటు సర్వీసు రేటు చెప్పాలి. ఒకరు జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో రాస్తే రెండోవాళ్లు జావాలో రాయాలి. గదులు కూడా వేరు. ఇద్దరి చేతిలో ఉమ్మడిగా ఉండేది ఒక్క కాగితం: ఏ చిరునామాకి ఏం పంపాలి, తిరిగి ఏం వస్తుంది. ఫోన్లు తీసేసుకోండి. వాట్సాప్‌లో "ఒరేయ్, ఈ ఫీల్డేంట్రా" అని అడిగేసుకుంటే పాఠం అక్కడితో పోతుంది. రేపు బయటి కంపెనీవాడు వీళ్ల గ్రూపులో ఉండడు కదా.

ఆ కాగితం కావాలనే అరకొరగా రాయండి. నాది ఇంతే: రైతు పేరు, కౌంట్, బరువు, పట్టుబడి సమయం. మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండూ కలపమంటే గొడవ మొదలవుతుంది.

మొన్నటి బ్యాచ్‌లో గొడవంతా కౌంట్ దగ్గరే. మా వైపు కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ అంకె. 30 కౌంట్ పెద్ద రొయ్య, 100 కౌంట్ చిన్నది. అంకె పెరిగేకొద్దీ రేటు తగ్గుతుంది. ప్లాంటు జట్టులో ఇద్దరూ రాజమండ్రి పిల్లలు, చెరువు గట్టెక్కిన పాపాన పోలేదు. కౌంట్ అంటే మొత్తం రొయ్యలు అనుకున్నారు. టన్ను సరుకు వివరాలు పంపితే, ‘30 రొయ్యలే ఉన్నాయి, కనీసం 1000 ఉండాలి’ అని వాళ్ల సర్వీసు తిప్పికొట్టింది. రైతు జట్టులో ఒకమ్మాయి వాళ్ల నాన్నగారు నిజంగానే చెరువులు చేస్తారు. "ముప్పై రొయ్యలకి ఎవరైనా లారీ కడతారాండీ?" అంది. గదంతా నవ్వులు. జేసన్‌లో మాత్రం ఒక్క తప్పు లేదు. అంకె భద్రంగా చేరింది, దేని అంకో ఎక్కడా రాసి లేదు.

ఇక్కడ మీరు కాగితం దిద్దకండి, వాళ్లతోనే దిద్దించండి. ఫీల్డు పేరునే ‘కిలోకి రొయ్యలు’ అని మార్చుకున్నారు. బరువు పక్కన కిలోలు అని చేర్చారు. ధాన్యం బస్తా 75 కిలోలు, సిమెంటు బస్తా 50 కిలోలు అని గుర్తుచేస్తే, ‘సంచులు’ అని ఇంకోచోట రాసుకున్నది వాళ్లే కొట్టేశారు.

తర్వాత టైము. 6వ తారీకు తెల్లవారుజామున 2 గంటలకి పట్టుబడి అయిందనుకోండి. నోడ్ ఆ తేదీని జేసన్‌లో పెట్టేటప్పుడు యూటీసీలోకి, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ఉమ్మడి సమయంలోకి మార్చేస్తుంది. మన టైము యూటీసీ కన్నా అయిదున్నర గంటలు ముందు, కాబట్టి అది 5వ తారీకు రాత్రి 8:30 అయిపోతుంది. జావాలో రాసిన ప్లాంటు జట్టు తేదీ ముక్క మాత్రం కోసుకుని 5వ తారీకు రేటు వేసింది. కిలోకి పది రూపాయల తేడా ఉంటే టన్నుకి పదివేలు. ఈ లెక్క పిల్లలతోనే బోర్డు మీద వేయించండి. ఆ తర్వాతే తేదీలు రాసే ప్రమాణం ఐఎస్ఓ 8601 చూపించండి: ముందు ఏడాది, తర్వాత నెల, రోజు, సమయం, చివర +05:30. చదివేవాడు ఆ చివరిదాకా చదవాలి. పదివేలు పోయాక చెబితే బాగా ఎక్కుతుంది.

పేర్లకి ఒక చిన్న ఆట ఉంది. ‘సత్యనారాయణ’ పొడవెంతో అడగండి. కంటికి ఆరు అక్షరాలు. పైథాన్‌ని అడిగితే గుణింతాల గుర్తుల్నీ, పొల్లునీ విడిగా లెక్కేసి పది అంటుంది, గో భాషని అడిగితే ముప్పై, ఎందుకంటే అది బైట్లు లెక్కేస్తుంది, అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. నేను ఇదివరకు పనిచేసిన చోట పేరుకి 20 బైట్లే ఇచ్చారు. రైతుల పేర్లు మధ్యలో తెగి, రసీదుల మీద ప్రశ్నార్థకాలు పడేవి. ఫోన్ చేసి తిట్లు తిన్నది మాత్రం నేను.

తప్పు జరిగినా జవాబుతో ‘అంతా బాగుంది’ అనే 200 కోడ్ పంపి లోపల ‘ఫెయిల్’ అని రాసే అలవాటు మొదటి రోజే మాన్పించండి. అడిగినవాడిది తప్పయితే కోడ్ 400ల్లో ఉండాలి, మనదైతే 500ల్లో.

ఇక వైఫై పీకేయండి. నిజంగానే, రైతు సర్వీసు ఐస్ కోసం ఆర్డర్ పంపాక, జవాబు రాకముందు. రైతు ప్రోగ్రాము జవాబు రాలేదని మళ్లీ పంపుతుంది, అటు రెండు లారీల ఐస్ బయలుదేరుతుంది. ప్రతి ఆర్డరుకీ పంపేవాడే ఒక నంబరు వేసి పంపాలి, అదే నంబరు మళ్లీ వస్తే సర్వరు పాత జవాబే ఇవ్వాలి అనే మాట రెండో లారీ చూశాక వాళ్లకి వాళ్లే అంటారు. మా దగ్గర కరెంటు పోయినప్పుడు ఈ పాఠం ఉచితంగానే దొరుకుతుంది.

చివరి రోజు మూడో జట్టుని దింపండి, మేత కొట్టువాళ్లని. అప్పటికి కాగితం ఓపెన్ఏపీఐ (సర్వీసుకి ఏం పంపాలో, ఏం వస్తుందో రాసే ప్రామాణిక పద్ధతి) ఫైలుగా మారి ఉంటుంది. దాన్ని మాత్రమే చూసి సాయంత్రంలోగా కలవాలి. సందేహం వస్తే నోటితో జవాబు చెప్పకూడదు, ఫైల్లో రాసి చూపించాలి. మొన్న పదకొండు సందేహాలు వచ్చాయి. సాయంత్రం అయిదు గంటలకి ఆఖరిది: "బరువు అన్నారు కదండీ, తలతోనా, తల తీశాకా?"

చెరువుల అమ్మాయి ఏదో అనబోయి, ఫైలు తెరిచింది.