అనిమే చూడటం నేర్చుకుందాం – 4: అమ్మాయి అడుగులు

కిందటి పాఠంలో కళ్ళ గురించి చెప్పుకున్నాం. ఈసారి కళ్ళను పక్కన పెట్టాలి. అనిమేలో, అంటే జపాన్ యానిమేషన్‌లో, కథానాయిక కనబడగానే మన చూపు ఆ పెద్ద కళ్ళ మీదే ఆగిపోతుంది. కానీ ఆ పిల్ల ఎలాంటిదో చాలాసార్లు ఆమె నడకే ముందు చెబుతుంది.

'స్పిరిటెడ్ అవే' సినిమా, రిమోట్, ఒక కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. హయావో మియజాకి తీసిన ఈ సినిమా 2001లో జపాన్‌లో విడుదలైంది, 2002లో బెర్లిన్ చిత్రోత్సవంలో గోల్డెన్ బేర్ అవార్డు, మరుసటి ఏడాది ఆస్కార్ తెచ్చుకుంది. కథానాయిక చిహిరోకు పదేళ్ళు. పెద్ద అందగత్తె కాదు, మంత్రాలేమీ రావు. మొదటి సీన్‌లో కారు వెనక సీట్లో పూలగుత్తి పట్టుకుని, ముఖం ముడుచుకుని పడుకుని ఉంటుంది. పాఠానికి ఈ సినిమానే తీసుకోవడానికి కారణం ఆ మామూలుతనమే.

చిహిరో ఒక సొరంగం దాటి దేవతల లోకంలో చిక్కుకుంటుంది. అక్కడ దేవతలు వచ్చే స్నానశాల బయట ఆమె చెక్కమెట్లు దిగే సీన్ దగ్గర ఆపండి. సౌండ్ తీసేయండి, సబ్‌టైటిల్స్ కూడా వద్దు. ఒకసారి మొత్తం చూసి, రెండోసారి ఆపుకుంటూ చూస్తూ రాయండి. ఒకటే నియమం: 'భయపడింది' అని రాయకూడదు. పాదం ఎక్కడ పెట్టింది, చెయ్యి దేన్ని పట్టుకుంది, అంతవరకే రాయాలి.

మీ కాగితం మీద దాదాపు ఇలా ఉంటుంది: చాలా ఎత్తు, పట్టుకోవడానికి చేతికి ఏమీ లేదు. కూర్చుని, మెట్టు మెట్టుకూ జారుతూ దిగుతోంది. ఒక మెట్టు విరిగింది. కాళ్ళు ఆగలేదు. కిందివరకూ పరుగే, చివర్లో గోడకు గుద్దుకుంది. ఆ పరుగు ఆమె ధైర్యం కాదు. ఒంటి బరువే ఆమెను లాక్కెళ్ళింది. ముఖం చూసి రాసినవాళ్ళు 'అరిచింది' దగ్గరే ఆగిపోతారు.

ఆ వెంటనే వచ్చే బాయిలర్ గది సీన్ మీద ఎక్కువసేపు ఉండండి, ఈ పాఠానికి అదే గుండె. మసి బంతుల్లాంటి చిన్న ప్రాణులు బొగ్గు ముక్కలు మోస్తుంటాయి. ఒకటి బరువు కింద నలిగిపోతే చిహిరో ఆ ముక్కను ఎత్తుతుంది. గీసిన బొమ్మకు బరువు ఉండదు కదా, మరి ఆ ముక్క అంత బరువుగా ఎలా కనిపిస్తుంది? ఒక నిండు బకెట్ ఎత్తి నాలుగడుగులు వేసి చూడండి. ఒళ్ళు ఒకవైపు ఒరుగుతుంది, అడుగులు పొట్టివవుతాయి, పాదం ఎత్తడం తగ్గుతుంది. యానిమేటర్ గీసింది వాటినే. బరువంతా పిల్ల మోకాళ్ళలో ఉంది. ఎక్కడ పెట్టాలని అడిగితే, మొదలుపెట్టిన పని నువ్వే పూర్తిచెయ్యమంటాడు బాయిలర్ చూసే కమాజీ. ఆమె పొయ్యిదాకా మోసి లోపలికి విసురుతుంది. ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది ఈ సీన్‌లోనే, ఏ మంత్రమూ లేని ఈ నాలుగడుగుల్లోనే.

ఇక సినిమా సగం దాటాక, తనకు సాయం చేసిన హాకు అనే అబ్బాయిని కాపాడటానికి చిహిరో గోడ మీది గొట్టం మీదుగా పరుగెత్తే సీన్ చూడండి. గొట్టం ఊడిపోతున్నా పరుగెత్తి నిచ్చెన అందుకుంటుంది. మెట్ల కాగితాన్ని పక్కన పెట్టుకుని పోల్చండి. అక్కడ ఎత్తు ఆమెను తోసింది. ఇక్కడ ఎక్కడికి వెళ్ళాలో ఆమె పాదాలకు తెలుసు.

ఇంతటితో 'పిరికిపిల్ల ధైర్యవంతురాలైంది' అని రాసి కాగితం మడిచేయకండి. ఆ లోకంలోకి వెళ్ళే, తిరిగి వచ్చే సొరంగం సీన్లు రెండూ చూడండి. మొదట్లో చిహిరో అమ్మ చెయ్యి పట్టుకుని వేలాడుతూ నడుస్తుంది. అలా అతుక్కోకు, నడవలేకపోతున్నానని అమ్మ విసుక్కుంటుంది. చివర్లో తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ అదే చెయ్యి, అలాగే వేలాడటం, అమ్మది అదే మాట. ఇన్ని పనులు చేసిన పిల్లకు పదేళ్ళే, అమ్మ చెయ్యి కావాలి. ఆమెను ఒక వీరవనితగా మార్చేయకపోవడం ఈ సినిమా చేసిన గొప్ప పని అని నా అభిప్రాయం.

టీవీలో వచ్చే మంత్రాల అమ్మాయిల కథలకు దారి వేరు. 1992లో మొదలైన 'సైలర్ మూన్'లో స్కూలు పిల్ల ఉసాగి మంత్రశక్తుల వీరవనితగా మారడమంటే బట్టలు, వెలుగులు, చేతుల భంగిమ. ఆ మార్పు సీన్‌ను ఒకసారి బాగా గీసి వారం వారం మళ్ళీ వాడేవారు. టీవీకి టైమూ డబ్బూ తక్కువ, సెకనుకు 24 ఫ్రేములున్నా గీసే బొమ్మలు అందులో మూడో వంతే ఉండటం మామూలు. అందుకని దాన్ని తక్కువగా చూడకండి. అక్కడ మాత్రం మార్పు సీన్ కాకుండా, దానికి ముందు స్కూలుకు ఆలస్యమై పరుగెత్తే ఉసాగిని చూడాలి.

హోంవర్క్: 1989లో వచ్చిన 'కికీస్ డెలివరీ సర్వీస్'. పదమూడేళ్ళ మంత్రగత్తె పిల్ల కికీ ఇల్లు వదిలి చీపురు మీద ఎగిరేటప్పుడు చెట్లకు తగులుతూ వెళ్తుంది, కొమ్మల్లోని గంటలు మోగుతాయి. చివర్లో వీధి ఊడ్చే తాత దగ్గర అడిగి తీసుకున్న బ్రష్ మీద ఎగురుతుంది, అప్పుడూ గోడలకు తగులుతూనే. రెండూ తడబాట్లే. వాటిలో తేడా ఏమిటో, ముఖం ప్రస్తావన లేకుండా ఆరు వాక్యాల్లో రాయండి. వచ్చే పాఠం ఆ వాక్యాలతోనే మొదలవుతుంది.