లేదన్న మాటనూ లెక్కలో రాయండి: చిన్న గ్రంథాలయం తన సేవలకు ప్రణాళిక వేసుకునే పద్ధతి

శాఖా గ్రంథాలయమైనా, ఊరివాళ్ళు చందాలు వేసుకుని నడుపుకునే పఠనమందిరమైనా, ఏడాది చివర తయారయ్యే నివేదికలో సాధారణంగా మూడు అంకెలు ఉంటాయి: ఎందరు వచ్చారు, ఎన్ని పుస్తకాలు ఇష్యూ అయ్యాయి, కొత్తగా ఎన్ని కొన్నారు. వచ్చే ఏడాది ప్రణాళిక పేరుతో ఆ అంకెలకే మరికొంత కలిపి, పైన సంవత్సరం మార్చి పంపేస్తారు. అయితే ఇష్యూ రిజిస్టరులో పని అయినవాళ్ళు మాత్రమే కనిపిస్తారు. అడిగి, లేదనిపించుకుని, గడప దిగి వెళ్ళిపోయినవాళ్ళ జాడ ఏ రిజిస్టరులోనూ ఉండదు. సేవను ఎక్కడ సరిదిద్దాలో చెప్పగలిగేది మాత్రం వాళ్ళే. ప్రణాళికను వాళ్ళ దగ్గర మొదలుపెట్టడం ఎలాగో, దానిని ఏడాది పొడవునా నడపడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణలు గ్రంథాలయానివే అయినా, ఉచిత వైద్యశిబిరాలు పెట్టే సంస్థకూ, సాయంత్రం బడి నడిపేవాళ్ళకూ పద్ధతి పెద్దగా మారదు.

ముందుగా వంద పేజీల నోటుపుస్తకం ఒకటి కొని, మూలకు చిల్లు పెట్టి, దారంతో పెన్ను కట్టి, ఇష్యూ కౌంటరు మీద ఉంచండి. అయిదు గడులు చాలు: తేదీ, వేళ, ఏమి అడిగారు, ఎందుకు ఇవ్వలేకపోయాము, ఏమి చెప్పి పంపాము. అడిగినవారి పేరు రాయవద్దు. పేరు రాసుకుంటున్నారని తెలిస్తే మొహమాటపడి మరోసారి అడగరు. రాయవలసింది కౌంటరులో కూర్చున్న మనిషే, అదీ అప్పటికప్పుడే, ఎందుకంటే రాత్రి తలుపులు మూసేటప్పుడు గుర్తు తెచ్చుకుని రాద్దామనుకుంటే సగం మరిచిపోతాము. ఆరు వారాలైనా ఇలా రాయాలి. వేసవి సెలవుల్లో గాని, ఉద్యోగ నోటిఫికేషన్ వెలువడిన వెంటనే గాని మొదలుపెడితే ఆ నెల రద్దీయే ఏడాదంతా ఉంటుందని భ్రమపడే ప్రమాదం ఉంది. ఏప్రిల్ 1న మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి ప్రతిపాదనలు ముందే సిద్ధం కావాలి గనుక, ఆగస్టు, సెప్టెంబరు నెలలు అనువైనవని నా అనుభవం.

ఇందులో అసలు చిక్కు సిబ్బంది భయం. ‘లేదు’ అని రాస్తే తప్పు తమ మీదికి వస్తుందని వాళ్ళు అనుకుంటారు, అలా అనుకోవడానికి వాళ్ళకు కారణాలూ ఉంటాయి. ఈ పుస్తకంలో ఎక్కువ పద్దులు రాసినవారే ఎక్కువ పని చేసినట్టని కార్యదర్శి మొదటి రోజే అందరి ముందూ చెప్పాలి. చెప్పి ఊరుకోకుండా, మొదటి వారంలో తానే ఒక పూట కౌంటరులో కూర్చుని రాయాలి.

మేము ఈ పని చేసిన కాలంలో ఒక సాయంత్రం పేజీ ఇలా ఉంది. 4.20కి ఒక అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం భౌతికశాస్త్రం అడిగింది. పుస్తకం ఉంది గాని అది రిఫరెన్సు బీరువాలో ఉంది, తాళంచెవి సెలవులో ఉన్న ఉద్యోగి దగ్గర ఉంది. 5 గంటలకు ఒక పెద్దాయన పెద్ద అక్షరాల భాగవతం కావాలన్నారు, లేదు. 5.40కి కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుంటున్న కుర్రవాడు పాత ప్రశ్నపత్రాల పుస్తకం కోసం వచ్చాడు. దానిని పట్టుకెళ్ళినవారు మూడు నెలలుగా తిరిగి ఇవ్వలేదు. 6.50కి పని దిగి వచ్చిన ఒక తాపీమేస్త్రీ దినపత్రిక చూద్దామనుకుంటే, ఏడింటికి మూసేయాలన్న తొందరలో పత్రికలన్నీ అప్పటికే మడిచి లోపల పెట్టేశారు.

ఈ నాలుగింటిలో డబ్బు పెట్టి కొనవలసినది ఒక్కటే. ఆరు వారాల పద్దులను కూర్చుని విడదీసేటప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించండి: మన దగ్గర లేనిది, ఉన్నా దొరకనిది, ఒకరి దగ్గరే ఉండిపోయినది, నియమమో వేళో అడ్డుపడినది. ఏ సంఘం సమావేశంలోనైనా మొదట వినిపించే మాట ‘పుస్తకాలు చాలడం లేదు’ అన్నదే, ఎందుకంటే అది ఎవరినీ నొప్పించని మాట. మిగిలిన మూడు రకాలకూ మందు మన చేతిలోనే ఉంటుంది, ఖర్చు కూడా దాదాపు ఉండదు. కాకపోతే ఎవరో ఒకరు తమ అలవాటు మార్చుకోవాలి. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రాలలో నాలుగోది పాఠకుడి సమయాన్ని ఆదా చేయమంటుంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న కూడా ఆ సూత్రం కిందికే వస్తుంది.

నోటుపుస్తకం గడప దాకా వచ్చినవాళ్ళ సంగతే చెబుతుంది. అసలు రానివాళ్ళ కోసం మనమే బయటికి వెళ్ళాలి. మన గ్రంథాలయోద్యమానికి ఇది కొత్త విషయం కాదు: డెల్టాలో మనుషులూ సరుకులూ చాలావరకు కాలువల మీదే కదిలే రోజుల్లో, 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో పడవ మీదే గ్రంథాలయాన్ని తిప్పారు. ఇవాళ ఆ కాలువ స్థానంలో ఏముందో మీ ఊరిలో మీరే చూసుకోవాలి. రేషన్ దుకాణం వరుస, పాలకేంద్రం, స్వయం సహాయక సంఘాల నెలవారీ సమావేశం, ఆటోస్టాండు, వీటిలో ఏవైనా మూడు చోట్లకు వెళ్ళి మొత్తం ముప్పై, నలభై మందితో మాట్లాడితే చాలు.

అక్కడ అడిగే తీరు ముఖ్యం. ‘మన గ్రంథాలయం ఎలా ఉందండీ?’ అని అడిగితే ‘బాగానే ఉందండీ’ అనే జవాబు వస్తుంది. ఎదురుగా నిలబడి అడిగినవారిని చిన్నబుచ్చడం మనవాళ్ళకు చేతకాదు. దానికి బదులు జరిగిన సంగతి అడగండి: ఆఖరిసారి ఎప్పుడు వచ్చారు, ఏ పని మీద వచ్చారు, ఆ పని అయిందా, కాకపోతే తర్వాత దానిని ఎక్కడ చేసుకున్నారు? ఎన్నడూ రాలేదన్నవారిని ‘ఎందుకు రాలేదు’ అని నిలదీయకుండా, పిల్లల పరీక్ష పుస్తకమో, పెన్షన్ దరఖాస్తో, పత్రికలో వచ్చిన ప్రకటనో కావలసివస్తే ఎవరి దగ్గరికి వెళుతున్నారో అడగండి. జిరాక్సు దుకాణం పేరు పదే పదే వినిపిస్తే, మీకు పోటీ ఎవరో తెలిసిపోయినట్టే. ఆడవాళ్ళతో ఆడవాళ్ళే మాట్లాడితే మంచిది. మాకు ‘తీరిక లేదు’ అన్న జవాబు వెనక ఉన్న అసలు కారణాలు, వరండాలో మగవాళ్ళ గుంపును దాటి లోపలికి వెళ్ళవలసి రావడమూ, మరుగుదొడ్డి లేకపోవడమూ, ఆ తర్వాతే బయటపడ్డాయి.

ఈ రెండు వివరాలూ చేతికి వచ్చాక ఏడాదికి మూడు పనులకు మించి ఎంచుకోవద్దు. నిధుల విషయంలో ఒక మాట గుర్తుంచుకోవాలి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది; పంచాయతీలు, మునిసిపాలిటీలు ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. వెయ్యి రూపాయల ఇంటిపన్ను కట్టే కుటుంబం ఏటా 80 రూపాయలు గ్రంథాలయానికి చెల్లిస్తున్నట్టు లెక్క. ఆ ఇంటి మనిషి కౌంటరు ముందు నిలబడి అడిగేది దానం కాదన్న సంగతి ప్రణాళిక రాసేవారి మనసులో ఉంటే వాక్యాలు వేరుగా వస్తాయి.

ఆ వాక్యాల గురించే కొంచెం వివరంగా చెప్పాలి. ‘పాఠక సేవలను మరింత మెరుగుపరచుట’ అని రాస్తే ఏడాది చివర అది జరిగిందని ఎవరైనా అనవచ్చు, జరగలేదనీ అనవచ్చు. దానిని ఇలా మార్చి చూడండి: ‘పోటీ పరీక్షల పుస్తకాలకు ఇష్యూ గడువును జూన్ 1 నుంచి 15 రోజులకు బదులు 7 రోజులు చేస్తాము, గడువు దాటినవారికి మూడో రోజున ఫోను చేసే బాధ్యత కౌంటరు సహాయకుడిది, నోటుపుస్తకంలో ‘ఒకరి దగ్గర ఉండిపోయింది’ అన్న పద్దులు సెప్టెంబరు నాటికి సగానికి తగ్గాలి.’ ఏమి చేస్తారో, ఎవరు చేస్తారో, ఎప్పటి నుంచో, ఫలితం ఎక్కడ కనిపిస్తుందో అందులో ఉంది. ఫలితాన్ని మనం చేసిన పనితో కాకుండా వచ్చినవారికి కలిగిన మార్పుతో కొలిచామన్నది కూడా గమనించండి. ‘ఇరవై ఫోన్లు చేశాము’ అన్నది పని, కుర్రవాడికి పుస్తకం దొరకడం ఫలితం. నివేదికలన్నీ పనులతో నిండిపోయి ఫలితాలు కనిపించకపోవడం మన సంస్థలకు పాత జబ్బు.

ఏ మార్పునైనా శాశ్వతం చేసే ముందు ఆరు నుంచి ఎనిమిది వారాలు ప్రయోగంగా నడపండి. తాపీమేస్త్రీ పద్దు చూశాక మేము సాయంత్రం వేళను 4–7 నుంచి 5–8కి జరపాలనుకున్నాము. మార్చడానికి ముందు రెండు వారాలు, మార్చాక ఎనిమిది వారాలు, ప్రతి అరగంటకూ లోపల ఎందరు ఉన్నారో గోడకు తగిలించిన కాగితం మీద గీతలు గీశాము: నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా అయిదోది. రాత్రి వచ్చేవారు పెరిగిన మాట నిజమే, కాని బడి వదలగానే నాలుగింటికి వచ్చే పిల్లలు గేటుకు తాళం చూసి ఇంటికి పోవడం మొదలుపెట్టారు. మొత్తం హాజరు మాత్రమే లెక్కపెట్టి ఉంటే ఆ నష్టం మాకు తెలిసేది కాదు. చివరికి కౌంటరును పాత వేళకే ఉంచి, పత్రికల వరండాను మాత్రం ఎనిమిది వరకు తెరిచేందుకు వంతులు వేసుకున్నాము.

ఇంతకంటే ఖరీదైన పాఠం అంతకు ముందే నేర్చుకున్నాము. ఒక దాత ఉత్సాహం చూసి, ఎవరినీ అడగకుండా రెండు కంప్యూటర్లు తీసుకున్నాము. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది, తర్వాత వాటి మీద కప్పిన గుడ్డ తీసినవారు లేరు. నేర్పే మనిషి లేడు, ఇంటర్‌నెట్ బిల్లు ఎవరు కట్టాలో తేలలేదు. వస్తువు రాకముందే దాని రెండో సంవత్సరం ఖర్చు ఎవరిదో తీర్మానం పుస్తకంలో రాయించుకోవాలని ఆ తర్వాత నియమం పెట్టుకున్నాము.

ప్రణాళికను సంఘం సభ్యుల మధ్యే ఉంచుకోకుండా ఊరి ముందు పెట్టండి. గ్రామీణ ఉపాధి హామీ పనులపై 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన సామాజిక తనిఖీలు దీనికి మంచి నమూనా. మస్టర్లలోని పేర్లనూ కూలి మొత్తాలనూ ఇల్లిల్లూ తిరిగి సరిచూసి, ప్రజావేదికలో అందరి ముందూ చదివి వినిపించడం వల్ల, కాగితంలో ఉన్నదీ ఊరిలో జరిగినదీ ఒకే చోట ఎదురుబొదురుగా నిలబడ్డాయి. గ్రంథాలయానికి అంత తతంగం అక్కరలేదు. మూడు నెలలకోసారి, మందిరం వరండాలోనే, గత మూడు నెలల ‘లేదు’ పద్దులనూ వాటిలో ఎన్నింటికి మందు వేశామో కూడా చదివి వినిపిస్తే సరిపోతుంది. ప్రభుత్వ గ్రంథాలయాలు తమ వివరాలను ఎవరూ అడగకముందే వెల్లడించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఎలాగూ చెబుతోంది.

అదే సమావేశంలో ఏ సేవను ఆపాలో కూడా తేల్చుకోవాలి, మొహమాటం అన్నిటికంటే ఎక్కువగా అడ్డుపడేది ఇక్కడే. ఎవరూ తిరగేయని మాసపత్రికకు చందా కడుతూ ఉంటాము, కారణం దానిని మొదలుపెట్టించిన పెద్దమనిషి ఇంకా సభ్యుడుగా ఉండడమే. అలాంటి పత్రికను ఒక నెల కౌంటరు దగ్గర ఉంచి, అడిగినవారికి మాత్రమే ఇచ్చి లెక్క రాయండి; ఆ లెక్క చూపితే ఆయనే ఒప్పుకుంటారు.

ఇక మిగిలినది అడిగినవారికి జవాబు చేర్చడం. పేర్లు రాసుకోలేదు గనుక ఎవరి ఇంటికీ కబురు పంపలేము. గేటు పక్కన నల్లబల్ల ఒకటి పెట్టి, నోటుపుస్తకంలో తీరిన పద్దులను సోమవారం సోమవారం సుద్దముక్కతో పెద్ద అక్షరాలలో రాయండి: ‘పెద్ద అక్షరాల భాగవతం వచ్చింది. మూడో బీరువా, పై అర.’