మాల వేసుకునే ముందు ఒకసారి ఆస్పత్రికి వెళ్లండి

కార్తీకం వస్తే మా శ్రీకాకుళం వైపు ఊరికి పదిమంది మాల వేసుకుంటారు, వాళ్లలో ఒకరిద్దరు మందు మానడానికే వేసుకుంటారు. మంచిదే. కానీ పొద్దున్న లేవగానే చేతులు వణక్కుండా ఉండడానికి ఒక పెగ్గు పడాల్సిన మనిషి, ఒక్క రోజులో మొత్తం ఆపేస్తే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను కాబట్టి రాస్తున్నా.

మా మావయ్య మాల వేసుకున్న రెండో రోజే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. మూడో రాత్రి "గోడ మీద ఇన్ని చీమలేటిరా" అంటూ లేని చీమల్ని దులుపుతూ కూర్చున్నాడు. స్వామి పూనాడని ఒకరు, గాలి సోకిందని ఒకరు, చివరికి మంత్రం వేయించడానికి తిప్పడంలో ఒక పూట పోయింది. అది పూనకం కాదు. రోజూ మందు మెదడుని జోకొడుతుంటే మెదడు దాన్ని తట్టుకోవడానికి తన వేగం పెంచుకుంటుంది, మందు ఆగగానే ఆ వేగానికి పగ్గం ఉండదు. ఆఖరి గుక్క తర్వాత 6 నుంచి 8 గంటల్లో వణుకు, చెమట, వాంతులు మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. మతి తప్పడం మామూలుగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మొదలవుతుంది, వైద్యం అందకపోతే దీంతో ప్రాణం పోవచ్చు.

కాబట్టి రోజూ తాగేవాళ్లయితే ముందు డాక్టరు, తర్వాత మాల. పెద్దాస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీ ఎప్పుడో కనుక్కుని వెళ్లండి, ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, అది మత్తు మాన్పించే వైద్యం గురించి చెప్పే ఉచిత నంబరు. ఇప్పటికే ఫిట్స్ వచ్చినా, మాట తేడాగా ఉన్నా ఓపీ కోసం ఆగొద్దు, 108.

అక్కడ పరువు కోసం అబద్ధం చెప్పొద్దు. మా అత్త "ఎప్పుడైనా ఒక క్వార్టరండీ" అంది, నిజానికి రోజుకి మూడు. రోజుకి ఎంత, ఆఖరిసారి ఏ టైముకి, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, షుగరు, కామెర్లు ఉన్నాయా, నిద్రమాత్రలు వాడుతున్నాడా, ఇవన్నీ చెప్పాలి, ఎందుకంటే మందుల మోతాదు వీటిని బట్టే వేస్తారు. నిద్రమాత్రలు అలవాటైనవాళ్లు వాటిని ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ రావచ్చు.

లోపల జరిగేది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. క్లోర్‌డయజెపాక్సైడ్ లాంటి మాత్ర మొదట ఎక్కువ ఇచ్చి, దాదాపు వారంలో మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు, లివర్ పాడైతే లోరజెపామ్ ఇస్తారు. బీపీ, నాడి చూస్తుంటారు. బి1 విటమిన్ ఇంజెక్షన్ తప్పనిసరి. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీ చేత గ్లూకోజు సెలైన్ ఎక్కించేస్తారు చూడండి, బి1 లేకుండా అలా ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. పైన చెప్పిన మాత్రల పేరు చూసి మీరే కొని వేయొద్దు కూడా, వాటి మీద మళ్లీ తాగితే ఊపిరి ఆగిపోవచ్చు.

గంజాయి కుర్రాళ్ల సంగతి వేరు. నిద్ర పట్టదు, చిరాకు, తిండి సహించదు, అయినా ఇలా ప్రాణం మీదకి రావడం అరుదు. నొప్పి మాత్రలు, ఇంజెక్షన్ల మత్తుకి బుప్రెనార్ఫిన్ అనే మందు ఇస్తారు. కొన్నాళ్లు మానినవాడు మళ్లీ పాత మోతాదే తీసుకుంటే శరీరం తట్టుకోలేక చనిపోవచ్చు, ఇది వాడికి మొహం మీదే చెప్పాలి.

ప్రైవేటు సెంటరైతే రాత్రిపూట నర్సు ఉంటుందా, సైకియాట్రిస్టు రోజూ వస్తాడా, ఇంట్లోవాళ్లని చూడనిస్తారా అని అడగండి. మేం మొదట వెళ్లినచోట డాక్టరు కనపడలేదు గానీ గదికి బయట గొళ్లెం మాత్రం కనపడింది, వెనక్కి తీసుకొచ్చేశాం.

ఇంకోటి, కూరలో పొడి కలిపి మాన్పించడం. అలా కలిపే డైసల్ఫిరామ్ అనే మందు మనిషికి తెలిసి, ఒప్పుకుని, తాగడం ఆపాకే వేసుకోవాలి. తెలియకుండా పెడితే, వాడు పైన తాగితే బీపీ పడిపోయి గుండె మీదకి వస్తుంది. ఎంత విసిగిపోయినా ఆ పని చేయకండి.

వారం తర్వాత ఇంటికి పంపుతారు, అక్కడితో అయిపోయిందనుకుంటారు అందరూ. దిగింది శరీరంలో మత్తు మాత్రమే, తాగాలనే ఆశ అలాగే ఉంటుంది, దానికి వేరే మాత్రలు, కౌన్సెలింగ్ నెలల తరబడి నడవాలి. మావయ్య ఆ ఏడు దీక్ష పూర్తి చేయలేదు. పై ఏడు మళ్లీ మాల వేసుకున్నాడు, శబరిమల బయల్దేరేటప్పుడు అత్త సంచిలో బట్టల కన్నా ముందు మాత్రల కవరు సర్దింది.